ఆట మధ్యలో ఆరిపోయే కంప్యూటర్: కరెంటు ఎక్కడ తెగుతోందో కనిపెట్టే పద్ధతి

గేమ్ ఆడుతుండగా కంప్యూటర్ ఉన్నట్టుండి ఆరిపోతోందని చెప్పగానే మన ఊళ్ళో సాధారణంగా రెండు సలహాలు వస్తాయి. విండోస్ ఫార్మాట్ చేసి మళ్ళీ వేయమని ఒకరు, గ్రాఫిక్స్ కార్డు పోయిందని ఇంకొకరు చెబుతారు. మొదటి సలహా పాటిస్తే దాచుకున్న ఫైళ్ళు పోతాయి, రెండోది పాటిస్తే వేలల్లో డబ్బు పోతుంది, చాలాసార్లు జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. విండోస్‌లో లోపముంటే గేమ్ మూసుకుపోవడమో, తెర బిగుసుకుపోవడమో, లోపం సంగతి చెప్పే నీలి తెర రావడమో జరుగుతుంది గానీ, ఫ్యాన్లతో సహా యంత్రమంతా ఒక్క క్షణంలో ఆగిపోవడం చాలా అరుదు.

అలా ఆరిపోయిందంటే గోడకున్న ప్లగ్గు నుంచి ప్రాసెసర్ దాకా ఉన్న దారిలో ఎక్కడో ఒకచోట కరెంటు తెగిందన్నమాట. ఆ దారిలో ముందు యూపీఎస్సో స్టెబిలైజరో ఉంటుంది, దాని తరువాత ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు తగినట్టు మార్చే డబ్బా), ఆ తరువాత మదర్‌బోర్డు, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఉంటాయి. తనకు ప్రమాదమని తోచినప్పుడు ఎవరినీ అడగకుండా ఆపేసే ఏర్పాటు వీటిలో దాదాపు ప్రతిదానికీ ఉంది. అందుకే ఏది పాడైందో అడగడానికి ముందు ఎవరు ఆపారో అడగాలి; ఏమాత్రం పాడవని భాగం కూడా తన పని తాను చేసి ఆపి ఉండవచ్చు. ఖర్చు లేని పరీక్షలతో మొదలుపెట్టి, ఆ ప్రశ్నకు జవాబు రాబట్టే క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ఎండనూ కరెంటునూ దృష్టిలో పెట్టుకుని ఆ రెండింటికీ ఎక్కువ చోటు ఇచ్చాను.

ఆరిన తీరు, ఆరిన వేళ

మరోసారి ఆరినప్పుడు కంగారుగా పవర్ బటన్ నొక్కకుండా అర నిమిషం గమనించండి. ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఒక్కసారిగా ఆగి, ఆ తరువాత బటన్ ఎన్నిసార్లు నొక్కినా చలనం లేకుండా, ఎస్‌ఎంపీఎస్ వెనకనున్న స్విచ్చి ఆపి కాసేపాగి వేస్తేనే లేస్తుంటే, ఎస్‌ఎంపీఎస్ రక్షణలోకి వెళ్ళిందని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. పరిమితికి మించి కరెంటు లాగినప్పుడు, ఎక్కడైనా షార్ట్ అయినప్పుడు అది అలా బిగుసుకుని, గోడ కరెంటు తీసేదాకా విడవదు. అన్నీ ఆగి, బటన్ నొక్కగానే లేచి, ఒకటి రెండు నిమిషాల్లో మళ్ళీ ఆగిపోతే, లేదా లేచేటప్పుడు ప్రాసెసర్ వేడెక్కిందన్న హెచ్చరిక తెరమీద కనిపిస్తే, వేడిని అనుమానించాలి. ఎవరూ ముట్టుకోకుండానే తిరిగి మొదలైతే బయటి కరెంటు ఒక్క క్షణం కుంగి ఉండవచ్చు, లేదా విండోస్ నీలి తెర చూపించకుండానే రీస్టార్ట్ అయి ఉండవచ్చు. తెర నల్లబడి, క్యాబినెట్‌లో ఫ్యాన్లు మాత్రం హోరుమంటూ తిరుగుతుంటే యంత్రానికి కరెంటు తెగలేదు. గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే పడిపోయింది, లేదా దానికి వెళ్ళే తీగ వదులైంది.

ఆరిన వేళను కూడా ఒక కాగితం మీద రాసుకోవాలి. గేమ్ మొదలుపెట్టి ఎంతసేపయింది, ఆ క్షణంలో తెరమీద ఏముంది, ఇంట్లో ఇంకేం నడుస్తోంది అన్న మూడు సంగతులు చాలు. రోజూ కాస్త అటూ ఇటూగా అరగంటకో ముప్పావుగంటకో ఆరుతుంటే అది వేడి లక్షణం, ఎందుకంటే లోహమూ గాలీ వేడెక్కడానికి సమయం పడుతుంది. లోడింగ్ తెర తొలగి దృశ్యం కనబడిన క్షణంలోనో, తెరమీద పెద్ద పేలుడు జరిగిన క్షణంలోనో ఆరితే కరెంటు వాడకం ఒక్కసారిగా ఎగిసిందని అర్థం. అపార్టుమెంటులో నీళ్ళ మోటారు వేసినప్పుడో, పలమనేరు వైపు పల్లెల్లో పక్క పొలం బోరు మొదలైనప్పుడో ఇంట్లో బల్బు మసకబారి, సరిగ్గా అప్పుడే కంప్యూటర్ ఆరుతుంటే, క్యాబినెట్ మూత తీయవలసిన పనే ఉండకపోవచ్చు. గేమ్ లేకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా ఆరుతోందంటే వదులు తీగ, ఇరుక్కున్న బటన్, మదర్‌బోర్డు లోపం వంటివాటి వైపు చూడాలి.

విండోస్ రాసుకునే చిట్టా

స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ అన్న భాగం తెరిస్తే, ఆరిన ప్రతిసారికీ కెర్నల్ పవర్ 41 అన్న నమోదు కనిపిస్తుంది. దాన్నే జబ్బు పేరనుకుని మందు వెతికేవారు చాలామంది ఉన్నారు. నిజానికి అది ఆరిన క్షణంలో రాసినది కాదు. మళ్ళీ లేచిన తరువాత, కిందటిసారి తనను సక్రమంగా మూయలేదని గమనించి విండోస్ రాసుకున్నది. దాని పక్కనే ఉండే 6008 చెప్పేదీ అదే. ఎందుకు ఆరిందో ఆ రెండు నమోదులూ చెప్పవు.

అయితే 41వ నమోదు మీద నొక్కి డీటెయిల్స్ చూస్తే బగ్‌చెక్ కోడ్ అన్న వరుస ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే విండోస్‌కు ఏదీ రాసుకునే వ్యవధి దొరకలేదు, అంటే కరెంటు తెగింది, లేదా యంత్రం పూర్తిగా బిగుసుకుపోయింది. 278 ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ స్పందించడం మానేసిందని, 292 ఉంటే హార్డ్‌వేర్‌లో సరిదిద్దలేని లోపాన్ని విండోస్ గుర్తించిందని అర్థం. పవర్ బటన్ టైమ్‌స్టాంప్ అన్న వరుసలో సున్నా కాకుండా పెద్ద సంఖ్య ఉంటే బటన్ నొక్కి పట్టినట్టు నమోదైందన్నమాట. మీరు నొక్కకపోతే బటన్ ఇరుక్కుంటోందని తేలిపోతుంది. ఈ చిట్టా పనికిరావాలంటే ముందుగా అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్టార్టప్ అండ్ రికవరీ తెరిచి, ఆటోమేటికలీ రీస్టార్ట్ అన్నచోట టిక్కు తీసేయాలి. అప్పుడు నీలి తెర వస్తే కనబడేదాకా నిలుస్తుంది. రాకుండానే ఆరితే అది విండోస్ పని కాదని స్పష్టమవుతుంది.

గోడ నుంచి క్యాబినెట్ దాకా

అన్నిటికంటే చవకైన పరీక్ష, ఎక్కువమంది వదిలేసే పరీక్ష కూడా ఇదే. యూపీఎస్, స్టెబిలైజర్, ఎక్స్‌టెన్షన్ బాక్సు అన్నిటినీ దారిలోంచి తప్పించి, క్యాబినెట్ ప్లగ్గును నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి, ఎప్పుడూ ఆరిపోయే గేమ్‌నే అదే సెట్టింగులతో ఆడాలి. కరెంటు పోతే సేవ్ చేయనిది పోతుంది కాబట్టి ఆ పూట ముఖ్యమైన పనులేవీ తెరిచి ఉంచకూడదు. ఇలా ఆడినప్పుడు ఆరకపోతే, మీ వేలు తప్పించినవాటి వైపు, ముఖ్యంగా యూపీఎస్ వైపు చూపించవచ్చు.

యూపీఎస్ ఎందుకు ఆపుతుందో లెక్క వేసి చూద్దాం. మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా మోయగలిగేది 360 వాట్లు మాత్రమే. డబ్బామీద పెద్ద అక్షరాల్లో వీఏ సంఖ్య, చిన్న అక్షరాల్లో వాట్ల సంఖ్య ఉంటాయి. ఆర్టీఎక్స్ 3060 టీఐ కార్డు ఒక్కటే 200 వాట్లు తీసుకుంటుంది. గేమ్‌లో కోర్ ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్‌కు 70 వాట్లు, మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లకు కలిపి 50 వాట్లు అనుకుంటే మొత్తం 320. ఎస్‌ఎంపీఎస్ సామర్థ్యం 85 శాతమైతే గోడనుంచి లాగేది దాదాపు 376 వాట్లు, మానిటర్‌కు మరో 25 కలిపితే 400 దాటుతుంది. ఆఫీసు పని చేసుకునేటప్పుడు 100 వాట్లు కూడా లేని యంత్రం గేమ్ తెరవగానే యూపీఎస్ మోయగలిగినదాన్ని దాటిపోతుంది, అందుకే గేమ్‌లోనే ఆరుతుంది. పైగా ఆ యూపీఎస్ కొన్ననాడు కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు ఉండి ఉండదు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. గదిలో సీలింగ్ ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది, కరెంటు పోలేదని మనం ప్రమాణం చేస్తాం, కంప్యూటర్ మాత్రం ఆరిపోతుంది. ఓల్టేజీ ఒక్క క్షణం కుంగినా యూపీఎస్ లోపలి రిలే టక్కుమని బ్యాటరీకి మారుతుంది. ఫ్యాను ఆ కుంగును పట్టించుకోదు. బ్యాటరీ మీద 360 వాట్లకు మించిన బరువును ఆ యూపీఎస్ ఎక్కువసేపు మోయలేదు, రెండు మూడేళ్ళు పాతబడిన బ్యాటరీ అయితే 200 వాట్లను కూడా మోయకపోవచ్చు. కాబట్టి గేమ్ ఆడేటప్పుడు హెడ్‌ఫోన్ తీసి, ఆరడానికి ముందు ఆ టక్కు శబ్దమో, బీప్ శబ్దమో వినబడుతుందేమో చెవి పెట్టి వినండి. గేమ్ లేకుండా, డెస్క్‌టాప్ మీద ఊరికే ఉన్నప్పుడు యూపీఎస్ ప్లగ్గు తీసి చూడటం మరో పరీక్ష. ఆ కాస్త బరువుతో కూడా వెంటనే ఆగిపోతే బ్యాటరీ మార్చవలసిందే.

ఇంటి మొత్తానికి ఉన్న ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడిపేవారు దాని వెనకవైపు చూడాలి. చాలా ఇన్వర్టర్లకు నార్మల్, యూపీఎస్ అని రెండు స్థానాలున్న స్విచ్చి ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయినప్పుడు మారడానికి ఎక్కువ మిల్లీసెకన్లు పడుతుంది. లైట్లకు, ఫ్యాన్లకు అది చాలు. ఎస్‌ఎంపీఎస్ కరెంటు లేకుండా నిలవగలిగేది పూర్తి బరువు మీద సుమారు 16 మిల్లీసెకన్లు, నాసిరకమైతే ఇంకా తక్కువ. డెస్క్‌టాప్ మీద ఊరికే ఉన్నప్పుడు ఇదే ఎస్‌ఎంపీఎస్ ఎక్కువసేపు నిలుస్తుంది, గేమ్‌లో నిలవలేదు. కరెంటును గోడ కరెంటులా నునుపైన అలగా (సైన్ వేవ్) కాకుండా మెట్లుమెట్లుగా ఇచ్చే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద కొన్ని మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కూడా మొరాయిస్తాయి. గేమింగ్ కంప్యూటర్‌కు సైన్ వేవ్ ఇన్వర్టరే తగినది.

నేరుగా గోడ సాకెట్‌లో పెట్టినా ఆరుతుంటే ఓల్టేజీ చూడాలి. మన ప్రమాణం 230 వోల్టులు, దానికి 6 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. ప్లగ్గులో పెట్టగానే ఓల్టేజీ చూపించే చిన్న మీటర్లు ఎలక్ట్రికల్ దుకాణాల్లో దొరుకుతాయి. అలవాటు లేనివారు మల్టీమీటర్ పుల్లలను సాకెట్‌లో పెట్టవద్దు. సాయంత్రం ఏసీలన్నీ నడిచే వేళ తరచూ 200 వోల్టుల కిందికి పడిపోతుంటే ఆ అంకెలు, వేళలు రాసిపెట్టుకుని విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీఎస్‌పీడీసీఎల్ వారి 1912 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది, కానీ ఫిర్యాదు మీ సర్వీసు నంబరుతో నమోదైతేనే లైన్‌మన్ దాకా వెళ్తుంది.

సాకెట్‌ను కూడా వదలకూడదు. విశ్వవిద్యాలయం చుట్టుపక్కల అద్దె గదుల్లో పాత సాకెట్ల పట్టు వదులైపోయి, ప్లగ్గు కొద్దిగా వేలాడుతూ ఉంటుంది. తక్కువ కరెంటు లాగినప్పుడు ఆ వదులు తెలియదు. 400 వాట్లు లాగినప్పుడు చిటపటలాడి ఒక్క క్షణం తెగుతుంది. గంటసేపు ఆడి, స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి పిన్నులు చూడండి: నల్లని మచ్చ ఉన్నా, పక్క ప్లాస్టిక్ పసుపుపచ్చగా మారి ఉన్నా సాకెట్ మార్పించాలి. క్యాబినెట్‌ను ముట్టుకుంటే చిరుచిరుగా షాక్ కొడుతుంటే ఎర్తింగ్ లేదన్నమాట. యంత్రం ఆరడానికి అది కారణం కాకపోవచ్చు, కానీ ఇంటి యజమానికి చెప్పి సరిచేయించుకోవలసిన సంగతే. యూపీఎస్ లోపలికి బల్లి దూరి షార్ట్ చేయడం మన వైపు వింతేమీ కాదు, అందువల్ల రిపేరుకు ఇచ్చినప్పుడు లోపల ఏం దొరికిందో అడగడం మంచిది.

వేడి

మే నెలలో తిరుపతిలో పగటి వేడి 40 డిగ్రీలు దాటడం మామూలే. గది వేడి పది డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. డిసెంబరులో 75 డిగ్రీల దగ్గర హాయిగా నడిచిన ప్రాసెసర్, ఏ భాగమూ పాడవకుండానే, వేసవిలో 90 దాటుతుంది. మేడ మీది గదులకు మరో ఇబ్బంది ఉంది: పగలంతా ఎండకు కాగిన స్లాబు చీకటి పడ్డాక ఆ వేడిని గదిలోకి వదులుతుంది, సరిగ్గా అందరూ ఆడుకునే వేళకు.

అయినా వేడిని తొందరపడి దోషిని చేయకూడదు. ఇప్పటి ప్రాసెసర్లు పరిమితికి చేరగానే ముందు వేగం తగ్గించుకుంటాయి. ఆ పరిమితి ఇంటెల్ 12, 13, 14వ తరాల్లో చాలావాటికి 100 డిగ్రీలు, ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 శ్రేణిలో చాలావాటికి 95 డిగ్రీలు. రైజెన్ 7000లో పూర్తి బరువు మీద 95 కనిపించడం లోపం కూడా కాదు. చాలా ఎన్‌విడియా కార్డులు 83 డిగ్రీల ప్రాంతంలోనే వేగం తగ్గించడం మొదలుపెడతాయి. వేగం తగ్గించినా వేడి ఆగకుండా ఇంకా పైకి పోయినప్పుడే యంత్రాన్ని ఆపేస్తాయి. అందువల్ల వేడి వల్ల ఆరే కంప్యూటర్‌లో గేమ్ ముందు తడబడుతుంది, సెకనుకు వచ్చే ఫ్రేములు (బొమ్మలు) తగ్గిపోతాయి, ఫ్యాన్లు గోల పెడతాయి. సాఫీగా నడుస్తున్న గేమ్ మధ్యలో ఏ సూచనా లేకుండా ఆరిందంటే వేడికంటే కరెంటు మీదే ఎక్కువ అనుమానం పెట్టుకోవాలి.

అనుమానం తీర్చుకోవడానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అన్న ఉచిత ప్రోగ్రామును సెన్సర్స్ ఓన్లీ పద్ధతిలో తెరిచి, లాగింగ్ మొదలుపెట్టి, ఆరేదాకా ఆడాలి. తిరిగి లేచాక ఆ ఫైలును ఎక్సెల్‌లో తెరిచి చివరి వరుసలు చూడండి. ప్రాసెసర్ వేడి, గ్రాఫిక్స్ కార్డు వేడి, దాని హాట్‌స్పాట్ (చిప్పులో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) వేడి నిమిషం నిమిషానికీ ఎక్కుతూ పరిమితి దగ్గర ఆగితే వేడే. 70 దగ్గర నిలకడగా ఉండి అకస్మాత్తుగా వరుసలు ఆగిపోతే వేడి కాదు. కార్డు వేడికీ హాట్‌స్పాట్‌కూ తేడా 25, 30 డిగ్రీలుంటే కార్డు లోపల చిప్పు వేడిని హీట్‌సింక్‌కు చేర్చే పేస్టు ఎండిపోయిందని, లేదా హీట్‌సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు రేకుల దిమ్మ) సమంగా ఆనలేదని అనుకోవచ్చు.

పక్క మూత తీసి, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టి ఆడటం ఇంకా తేలికైన పరీక్ష. అరగంటలో ఆరేది రెండు గంటలు నిలిస్తే గాలి రాకపోకలే కారణం. ఇదే సంగతిని తేల్చడానికి కొందరు తెల్లవారుజామున ఆడి చూసి, అప్పుడు ఆరలేదు కాబట్టి వేడేనని నిర్ణయిస్తారు. తెల్లవారుజామున గది చల్లగా ఉండటమే కాదు, ఊళ్ళో వాడకం తక్కువ కాబట్టి ఓల్టేజీ కూడా బాగుంటుంది. రెండూ ఒకేసారి మారితే ఏది కారణమో తేలదు. టేబుల్ ఫ్యాను పరీక్షలో మారేది ఒక్కటే.

వేడేనని తేలితే శుభ్రం చేయాలి. హీట్‌సింక్ మీది ఫ్యాను విప్పి చూస్తే, ఫ్యానుకూ రేకులకూ మధ్య దుమ్ము బూడిదరంగు కంబళి ముక్కలా పరుచుకుని ఉంటుంది. పైనుంచి చూస్తే ఫ్యాను రెక్కలు శుభ్రంగానే కనబడతాయి కాబట్టి చాలామంది అక్కడిదాకా వెళ్ళరు. వంటగది పక్కనో, పూజగది పక్కనో కంప్యూటర్ ఉన్న ఇళ్ళలో తాలింపు జిడ్డు, సాంబ్రాణి పొగ ఆ దుమ్మును జిగురుగా మారుస్తాయి, అలాంటిది బ్లోయర్ గాలికి కదలదు, మెత్తని బ్రష్షుతో రుద్దాలి. మేడ మీదో వరండాలోనో చేయాలి, ప్లగ్గు పూర్తిగా తీసి ఉండాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను గిరగిరా తిరగకుండా వేలితో పట్టుకోవాలి, లేకపోతే దాని బేరింగ్ దెబ్బతింటుంది.

ప్రాసెసర్ పేస్టు ఎండి పెచ్చుగా మారితే ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది పెట్టాలి. బఠాణీ గింజంత చాలు. ఏఎం4 సాకెట్ రైజెన్ అయితే కంప్యూటర్‌ను కాసేపు నడిపి పేస్టు మెత్తబడ్డాక ఆపి, ప్లగ్గు తీసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయాలి. నేరుగా పైకి లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడివచ్చి పిన్నులు వంగుతాయి. ఇంటెల్ డబ్బాలో వచ్చే కూలర్‌కు నాలుగు మూలలా ఉండే ప్లాస్టిక్ పిన్నులు నాలుగూ టిక్కుమని కూర్చున్నాయో లేదో మదర్‌బోర్డు వెనకవైపు నుంచి చూడండి. ఒక్కటి లేచి ఉన్నా ఒక మూల ఆనదు. క్యాబినెట్‌ను కంప్యూటర్ టేబుల్ కింది చెక్క అరలో దూర్చి తలుపు వేసేవారు ఆ తలుపును తీసేయడం మంచిది.

ఎస్‌ఎంపీఎస్

బయటి కరెంటు బాగుండి, వేడి పరిమితిలో ఉండి, అయినా ఆరుతుంటే ఎక్కువసార్లు దొరికే దోషి ఎస్‌ఎంపీఎస్. అది పాడై ఉండవలసిన అవసరం కూడా లేదు, చాలకపోవచ్చు.

క్యాబినెట్‌తోపాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని రాసి ఉంటుంది. దాని పక్కనున్న స్టిక్కరు మీది పట్టికలో 12 వోల్టుల లైనుకు ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించాలి. ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ వెళ్ళేది ఆ లైనే. 18 ఆంపియర్లయితే 216 వాట్లు. ముఖం మీది 450 ఎక్కడికి పోయిందని అడగడానికి అమ్మినవాడు దొరకడు. నమ్మదగిన ఎస్‌ఎంపీఎస్‌లో ఆ లెక్క మొత్తం సామర్థ్యానికి చాలా దగ్గరగా వస్తుంది.

చాలినన్ని వాట్లున్నా ఆరవచ్చు. గ్రాఫిక్స్ కార్డులు సగటున తీసుకునే కరెంటు వేరు, మిల్లీసెకన్ల వ్యవధిలో ఎగదన్నే కరెంటు వేరు. ఆర్టీఎక్స్ 3080, 3090 వంటి కార్డుల్లో ఆ ఎగుడు సగటుకు రెట్టింపు దాకా పోతుంది. 3080 కార్డు సగటు వాడకం 320 వాట్లు. ఆ క్షణకాలపు ఎగుడును చూసి పాతరకం ఎస్‌ఎంపీఎస్ ఏదో ప్రమాదమనుకుని ఆపేస్తుంది. ఈ చిక్కు వల్లనే ఎస్‌ఎంపీఎస్‌ల తయారీకి 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, పెద్ద ఎస్‌ఎంపీఎస్‌లు తమ సామర్థ్యానికి రెట్టింపు బరువును 100 మైక్రోసెకన్లపాటు తట్టుకోవాలన్న నిబంధన పెట్టారు.

పరీక్ష ఇలా చేయాలి. గ్రాఫిక్స్ కార్డు వాడకాన్ని మార్చే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రాములో పవర్ లిమిట్‌ను 70 శాతానికి దించి, గేమ్‌లో ఫ్రేములను 60కి పరిమితం చేసి ఆడండి. ఆరడం ఆగిపోతే, పవర్ లిమిట్‌ను తిరిగి 100కు పెంచి ఫ్రేముల పరిమితి మాత్రం ఉంచి చూడండి, ఆ తరువాత దాన్నీ తీసేయండి. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 99 శాతానికి తగ్గిస్తే ప్రాసెసర్ టర్బో వేగం ఆగి దాని వాడకం కూడా తగ్గుతుంది. వాడకం తగ్గించినప్పుడు నిలిచి, పెంచినప్పుడు ఆరుతుంటే, వేడి అంకెలు మామూలుగా ఉంటే, కరెంటు చాలడం లేదని తేలినట్టే.

చాలామంది గ్రాఫిక్స్ కార్డు మీద పూర్తి బరువు పెట్టే ఫర్‌మార్క్ ప్రోగ్రామును అరగంట నడిపి, ఆరలేదు కాబట్టి ఎస్‌ఎంపీఎస్ బాగుందని నిర్ధారిస్తారు. ఫర్‌మార్క్ బరువు భారీదే కానీ నిలకడైనది. ఎస్‌ఎంపీఎస్‌ను కలవరపెట్టేది బరువులోని ఎగుడుదిగుళ్ళు, అవి గేమ్‌లోనే ఎక్కువ. కాబట్టి ఫర్‌మార్క్‌లో ఆరితే సమాచారం దొరికినట్టు, ఆరకపోతే ఏమీ తేలనట్టు. ప్రాసెసర్‌నూ గ్రాఫిక్స్ కార్డునూ ఒకేసారి లోడ్ చేసే ఓసీసీటీ పవర్ పరీక్ష ఇంతకంటే మేలు. పేరూ ఊరూ లేని ఎస్‌ఎంపీఎస్ మీద మాత్రం దాన్ని నడపవద్దు, అలాంటివి పోయేటప్పుడు మదర్‌బోర్డును కూడా తీసుకుపోయే ప్రమాదముంది.

కొత్తది కొనేముందు తీగలు చూడండి. గ్రాఫిక్స్ కార్డుకు ఎనిమిది పిన్నుల సాకెట్లు రెండుంటే, ఒకే తీగ చివర ఉన్న రెండు కొక్కేలనూ వాటికి తగిలించడం అందరూ చేసే పని. ఒక్కో సాకెట్ 150 వాట్ల దాకా ఇవ్వడానికి ఉద్దేశించినది, అవి రెండూ ఒకే తీగ మీద పడితే చివర్లో ఓల్టేజీ పడిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేరువేరు తీగలు వేసినంత మాత్రాన జబ్బు నయమైన యంత్రాలు ఉన్నాయి. ప్రతి కొక్కేన్నీ ఒకసారి పూర్తిగా తీసి, గట్టిగా నొక్కి పెట్టండి. లోపలి పిన్ను దగ్గర గోధుమరంగు మచ్చ కనిపిస్తే ఆ తీగను వాడవద్దు. తీగలు విడిగా ఊడివచ్చే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ అయితే ఒక కంపెనీ తీగను ఇంకో కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌కు తగిలించకూడదు, సాకెట్‌లో సరిపోయినా లోపలి వరుస వేరు కావచ్చు, డిస్కులు కాలిపోతాయి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరు చెప్పినా విప్పవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

చివరి నిర్ధారణకు బాగున్న మరో ఎస్‌ఎంపీఎస్‌ను ఒక రోజుకు అరువు తెచ్చుకుని పెట్టి చూడాలి. స్నేహితులెవరూ లేకపోతే దుకాణంలో కొనేముందే, పెట్టి చూశాక తేడా లేకపోతే తిరిగి తీసుకుంటారా అని అడగండి. తెలిసిన దుకాణంవారు చాలామంది ఒప్పుకుంటారు. కొనేటప్పుడు కార్డు తయారీదారు చెప్పిన సామర్థ్యానికి తగ్గవద్దు: ఆర్టీఎక్స్ 4060కు 550 వాట్లు, 3070కి 650, 3080కి 750. చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో ధర తక్కువని వెళ్ళేవారు వారంటీ కోసం మళ్ళీ చెన్నై వెళ్ళవలసి వస్తుందేమో అడిగి, సీరియల్ నంబరు రాసిన బిల్లు తీసుకోవాలి.

మిగిలిన అనుమానాలు

పవర్ బటన్ తీగను మదర్‌బోర్డు నుంచి పీకి, ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవర్‌తో ఒక్క క్షణం తాకించి కంప్యూటర్‌ను లేపవచ్చు. ఆ తరువాత ఆరకపోతే బటనే కారణం. బయాస్‌లో (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగులు) ర్యామ్ వేగాన్ని పెంచే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పోను ఆపి, ఓవర్‌క్లాకింగ్ (భాగాలను నిర్ణీత వేగానికి మించి నడపడం) ఏదైనా ఉంటే తీసేసి ఆడి చూడాలి. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామును ఒక రాత్రి నడిపితే ర్యామ్ సంగతి తేలుతుంది. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అధిక ఓల్టేజీ వల్ల అస్థిరత వస్తోందని ఆ సంస్థే 2024లో అంగీకరించి, మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాము) సవరణలు విడుదల చేసి, వారంటీని రెండేళ్ళు పెంచింది. వాటిని వాడేవారు మదర్‌బోర్డు కంపెనీ సైటునుంచి తాజా బయాస్ వేసుకోవాలి. వీటివల్ల ఎక్కువగా వచ్చేవి నీలి తెరలు, గేమ్ మూసుకుపోవడాలు. పూర్తిగా ఆరిపోవడం తక్కువ.

ల్యాప్‌టాప్ ఆరుతుంటే ముందు అడాప్టర్ వాట్లు చూడండి. 180 వాట్ల అడాప్టర్‌తో వచ్చిన యంత్రానికి 90 వాట్లది పెడితే, గేమ్‌లో తక్కువ పడిన కరెంటును బ్యాటరీనుంచి లాగుకుంటుంది, బ్యాటరీ పాతదైతే ఆరిపోతుంది. పరుపు మీద పెట్టి ఆడితే కింది గాలి దారి మూసుకుపోతుందని వేరే చెప్పనక్కరలేదు.

భాగం మార్చిన తరువాత

కారణం దొరికి సరిచేశాక, ముందు ఆరిన గేమ్‌నే, అదే సెట్టింగులతో, ఆరిన వేళలోనే కొన్ని రోజులు ఆడాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాగింగ్ నడుస్తూనే ఉండాలి. ఆ తరువాత పరీక్షల కోసం మార్చినవాటిని ఒక్కొక్కటిగా వెనక్కి పెట్టండి: ముందు ప్రాసెసర్ స్టేట్‌ను 100 శాతానికి, తరువాత పవర్ లిమిట్‌ను 100కు, ఆ తరువాత యూపీఎస్‌ను తిరిగి దారిలోకి. 600 వీఏ యూపీఎస్ బరువుకు చాలదని తేలిన వారు దాన్ని మానిటర్‌కూ రౌటర్‌కూ ఉంచుకుని, క్యాబినెట్‌కు వాట్ల లెక్క సరిపోయే వేరే యూపీఎస్ తీసుకోవచ్చు. ఎక్స్‌ఎంపీని అన్నిటికంటే చివర, మిగతావన్నీ వేసి రెండు మూడు రోజులు ఆరకుండా నడిచాకే ఆన్ చేయాలి.